డాలరు నాణెము – మూడు వెలల కథ

అమెరికానుండి సెలవులకు వచ్చిన బంధువులు పిల్లల చేతిలో పెట్టిపోవు చిన్న కానుకలలో పసుపువన్నె డాలరు నాణెమొకటి. బిడ్డను వీపున కట్టుకొని భుజముమీదుగా వెనుదిరిగి చూచుచున్న యువతి రూపము దానిపై నుండును. ఇంటిలోని పెద్దలు దానిని వెలుతురునకు పట్టి, అటు నిటు త్రిప్పి, "ఇది బంగారమా?" అని మొదట అడుగుదురు, "అమ్మినచో ఎంత వచ్చును?" అని తరువాత అడుగుదురు. మొదటి ప్రశ్నకు సమాధానము ఒక్క మాటలో తేలును. అది బంగారము కాదు. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న రెండువందల ఏండ్లకు మించిన చరిత్రను తిరుగవేయవలెను. ఆ చరిత్రలో భారతదేశపు రూపాయికి కూడ ఒక పాత్ర కలదు.

ఏ నాణెమునకైనను మూడు వెలలుండును. ప్రభుత్వము దానిపై ముద్రించిన విలువ మొదటిది. అందలి లోహమును కరగించి తూకమున అమ్మినచో వచ్చు వెల రెండవది. సేకర్తలు, అనగా నాణెములను కూడబెట్టి భద్రపరచువారు, దానికై ఇచ్చుటకు సిద్ధపడు వెల మూడవది. మొదటి రెండింటిని తెలిసికొనుట సులభము. నాణెముమీది అక్షరములను చదివినచో ఒకటియు, త్రాసులో నుంచినచో మరొకటియు తేలును. మూడవదాని విషయముననే జనులు భ్రమపడుదురు. పాతదైన ప్రతి నాణెమునకును గొప్ప వెల యుండునని కొందరును, తక్కువ సంఖ్యలో ముద్రింపబడినదే అపురూపమని మరికొందరును తలచెదరు. ఈ రెండు తలంపులును చాలవని డాలరు చరిత్ర నిరూపించుచున్నది. ఎన్ని నాణెములు మిగిలినవి, ఎట్టి స్థితిలో మిగిలినవి, వాటిని కోరువారెందరు అను మూడు సంగతులే ఆ వెలకు మూలము.

డాలరు అను పేరు అమెరికాలో పుట్టినది కాదు. 16వ శతాబ్దమున బొహీమియా దేశపు యోఆకిమ్స్‌తాల్ అను చోట గనులలో దొరకిన వెండితో పెద్ద నాణెములు ముద్రించిరి. ఆ ఊరి పేరునుబట్టి వాటికి "తాలర్" అను పేరు వచ్చెను. అదియే దేశదేశములు తిరిగి, పలువురి నోళ్లలో నలిగి, "డాలర్" అయ్యెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు స్వతంత్రమైన పిమ్మట, అక్కడ అప్పటికే చెలామణిలో నున్న స్పానిషు వెండి డాలరును ఒరవడిగా గైకొని, 1792 ఏప్రిల్ 2వ తేదీ శాసనము ద్వారా డాలరును తమ ద్రవ్యమునకు ప్రమాణముగా నిర్ణయించుకొన్నవి. ఫిలడెల్ఫియా నగరమున టంకశాల వెలసెను. 1794 అక్టోబరులో తొలి వెండి డాలర్లు 1,758 మాత్రము అచ్చటనుండి వెలువడెను. వాటిలో మిక్కిలి చక్కగా నిలిచిన ఒక నాణెము 2013 జనవరిలో జరిగిన వేలమున కోటి డాలర్లకు మించిన ధర పలికెను. అందలి వెండి ఒక ఔన్సుకంటెను తక్కువ. తక్కినదంతయు మూడవ వెలయే.

తరువాతి కాలమున డాలరు చరిత్ర వెండిగనుల చరిత్రతో పెనవేసికొనెను. నెవాడా మొదలగు పశ్చిమ ప్రాంతములలో వెండి విస్తారముగా లభింపసాగెను. వెండి ధర పడిపోవుచుండగా గనుల పక్షమువారు శాసనసభలో పట్టుబట్టి 1878లో బ్లాండ్–ఆలిసన్ చట్టమును సాధించిరి. దాని ప్రకారము ప్రభుత్వము నెలకు 20 లక్షల డాలర్లకు తక్కువ గాకుండ వెండిని కొని నాణెములు ముద్రింపవలెను. ఇంగ్లండునుండి వచ్చిన జార్జి మోర్గాన్ అను శిల్పి ఆ నాణెమునకు రూపకల్పన చేసెను. ఒకవైపున స్వేచ్ఛాదేవి శిరస్సు, రెండవవైపున రెక్కలు చాచిన గ్రద్ద. బరువు ఇంచుమించు 27 గ్రాములు. అందు నూటికి 90 పాళ్లు వెండి. 1878 నుండి 1904 వరకును, మరల 1921లోను వాడుకకై ముద్రింపబడిన ఈ "మోర్గాన్ డాలరు" నేటికిని అమెరికా సేకర్తలకు ప్రీతిపాత్రమైనది. కాని అంత బరువైన నాణెమును జేబులో మోయుట ఆనాటి జనులలో పెక్కుమందికి ఇష్టము లేకపోయెను. వెండికి బదులుగా ప్రభుత్వమిచ్చిన కాగితపు పత్రములతోనే వారు పని గడుపుకొనిరి. కోట్లకొలది నాణెములు సంచులలో కట్టబడి ఖజానా నేలమాళిగలలో నిద్రించినవి.

ఆ నిద్రకు భంగము కలిగించినది భారతదేశపు రూపాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు ప్రభుత్వము ఈ దేశమునుండి యుద్ధసామగ్రిని విస్తారముగా కొనుచు, దానికి ఇచ్చట రూపాయలలో చెల్లింపవలసి వచ్చెను. చేతికి వచ్చిన వెండి రూపాయలను జనులు దాచుకొనిరి. కాగితపు నోట్లున్నవారు వాటిని వెండిగా మార్చుకొనుటకు త్వరపడిరి. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటును తొలిసారిగా విడుదల చేసినను కొరత తీరలేదు. 1918 వేసవి నాటికి ప్రభుత్వము వద్ద వెండి రూపాయల నిల్వ మిక్కిలి కుంగిపోయెను. నోటునకు బదులు వెండి ఇవ్వలేమని చెప్పవలసి వచ్చినచో, యుద్ధ మధ్యమున ప్రభుత్వపు మాటకు విలువ యుండదు. అందుచే బ్రిటిషువారు అమెరికాను ఆశ్రయించిరి. 1918 ఏప్రిల్ 23న అచ్చట పిట్మన్ చట్టము వెలువడెను. దాని క్రింద ఖజానాలోని వెండి డాలర్లలో 27 కోట్ల 2 లక్షలకు పైగా కరగింపబడినవి. అందులో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి భారతదేశపు అక్కరకై బ్రిటనుకు విక్రయింపబడెను.

ఈ లెక్క తెలిసికొనదగినది. డాలరులోని శుద్ధమైన వెండి 371¼ గ్రెయినులు. నాటి రూపాయిలోనిది 165 గ్రెయినులు. కాబట్టి ఒక డాలరు కరగినచో సరిగా రెండుంబావు రూపాయలకు వెండి వచ్చును. భారతదేశము కొరకు అమ్మిన డాలర్లనుండి 58 కోట్లకు పైగా రూపాయలకు సరిపడు వెండి లభించినదన్నమాట. కలకత్తా, బొంబాయి టంకశాలలలో ఐదవ జార్జి బొమ్మగల రూపాయలు వెలువడెను. పంట అమ్మిన సొమ్ముగా రూపాయలు పల్లెలకు చేరెను. వాటిలో కొన్ని భోషాణములలో దాగినవి; కొన్ని కంసాలి కుంపటిలో కరగి కడియములును, మొలత్రాళ్లును అయినవి. అమెరికా స్వేచ్ఛాదేవి ఏ తెలుగుపల్లెలోనో ఒక పసిబిడ్డకు మొలత్రాడై యుండవచ్చును.

కరగించిన ప్రతి డాలరునకు బదులు అమెరికా గనుల వెండితో మరల ఒక డాలరు ముద్రింపవలెనని ఆ చట్టముననే నియమముండెను. అందువలననే 1921లో మోర్గాన్ డాలరు తిరిగి వెలువడెను. ఆ సంవత్సరాంతముననే "శాంతి డాలరు" జన్మించెను. ఇటలీనుండి వలస వచ్చిన ఆంథొనీ డి ఫ్రాన్సిస్కీ తన భార్య ముఖమును ఆధారముగా చేసికొని దానిపై స్వేచ్ఛాదేవిని మలచెను. సేకర్తలకు మాత్రము పిట్మన్ చట్టము పెద్ద చిక్కును తెచ్చిపెట్టెను. కరగిపోయిన నాణెములు ఏయే సంవత్సరములవి, ఏయే టంకశాలలవి అను లెక్కను ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. ముద్రించిన సంఖ్య పుస్తకములలో నున్నది. మిగిలిన సంఖ్య ఊహకే విడువబడినది.

ఊహకు కట్టిన వెల ఎట్టిదో 1962లో తేటతెల్లమయ్యెను. న్యూ ఆర్లియన్సు టంకశాలలో 1903వ సంవత్సరమున 44 లక్షల 50 వేల మోర్గాన్ డాలర్లు ముద్రింపబడినవి. అవి ఎచ్చటను కానరాకపోవుటచే, దాదాపు అన్నియు 1918లో కరగిపోయినవని సేకర్తలు నిశ్చయించుకొనిరి. చేతులు మారని ఒక్క నాణెమునకు ధరల పట్టికలలో 1,500 డాలర్ల వెల కట్టిరి. 1962 చివరి నెలలలో, క్రిస్మసు పండుగ అక్కరలకై వెండి డాలర్లను బ్యాంకులకు పంపుటకు, ఫిలడెల్ఫియాలో చిరకాలముగా మూతపడియున్న ఒక నేలమాళిగను తెరచిరి. సంచికి వేయి చొప్పున ఆ 1903 నాణెములు బయటపడెను. స్వల్పకాలములోనే వాటి వెల కొన్ని పదుల డాలర్లకు దిగజారెను. నాణెములోని వెండి తగ్గలేదు, దానిమీది బొమ్మ చెరగలేదు. ఒక తలుపు తెరచుకొన్నది, అంతే. దాచుకొన్న ధనము ఇంటిలోనే కూర్చుండి కరగిపోవుట ఆనాటి సేకర్తలు కన్నులార చూచిరి.

ఈ వార్త వినిన జనులు ఖజానా వద్ద బారులు తీరి, కాగితపు పత్రములిచ్చి వెండి డాలర్ల సంచులను మోసికొనిపోవసాగిరి. 1964 మార్చిలో ప్రభుత్వము ఆ మార్పిడిని నిలిపివేసెను. అప్పటికి మిగిలిన సుమారు 30 లక్షల నాణెములలో అధికభాగము నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాలవి. వాటిని 1972 నుండి 1980 వరకు ప్రభుత్వమే విడతలవారీగా తపాలా ద్వారా సేకర్తలకు అమ్మెను. 1965 మే నెలలో డెన్వరు టంకశాలలో 1964వ సంవత్సరపు అంకెతో 3,16,076 శాంతి డాలర్లు ముద్రించి, విడుదల చేయకమునుపే కరగించివేసిరి. వెండి డాలరు చేతులు మారిన కాలము అంతటితో ముగిసెను.

ఆధునిక డాలరు కథ 1971లో ఆరంభమగుచున్నది. మాజీ అధ్యక్షుడు ఐసన్‌హోవర్ శిరస్సు ఒకవైపున, చంద్రునిపై వాలుచున్న గ్రద్ద రెండవవైపున గల ఆ నాణెము, 1969లో మానవుడు చంద్రునిపై కాలిడుటకు స్మారకము. వాడుకకు విడిచినవి రాగి, నికెలు లోహములతో చేసినవి. సేకర్తలకై నూటికి 40 పాళ్లు వెండి కలిపి వేరుగా కొన్ని ముద్రించిరి. 1973లో వాడుకకు ఒక్కటియు విడువబడలేదు. ఆ సంవత్సరపు నాణెములు సేకర్తలకు అమ్ము పెట్టెలలోనే లభించినవి. ఈ నాణెము కూడ జూదశాలలలో తప్ప అంగళ్లలో అంతగా చెల్లలేదు.

నాణెమును చిన్నది చేసినచో జనులు వాడెదరని భావించి, 1979లో క్రొత్త డాలరును తెచ్చిరి. స్త్రీల ఓటుహక్కుకై జీవితాంతము పోరాడిన సూసన్ బి. ఆంథొనీ బొమ్మను దానిపై నిలిపిరి. కేవలము భావనారూపము గాక, నిజముగా జీవించిన స్త్రీ అమెరికా వాడుక నాణెముపై కానవచ్చుట అదియే ప్రథమము. ఉద్దేశము గొప్పదైనను కొలతలో పొరపాటు జరిగెను. దాని వెడల్పు 26.5 మిల్లీమీటర్లు, అంతకుముందే వాడుకలో నున్న పావు డాలరు వెడల్పు 24.3 మిల్లీమీటర్లు. రంగు కూడ ఒక్కటియే. డాలరునకు పావు డాలరును, పావు డాలరునకు డాలరును ఇచ్చి పుచ్చుకొనుటలో జనులు పొరపడిరి. తొలి సంవత్సరముననే 75 కోట్లకు పైగా ముద్రించిన నాణెములు ఖజానాకే తిరిగి చేరినవి. 1981లో ముద్రించినవి సేకర్తల పెట్టెలకే పరిమితమయ్యెను. మరల 1999లో ఒక్క సంవత్సరము మాత్రము దీనిని ముద్రించిరి.

ఆ లోపమును సవరించుటకై 2000లో వచ్చినదే మొదట చెప్పిన పసుపువన్నె నాణెము. దానిపైనున్న యువతి షోషోని తెగకు చెందిన సకాగవియ. 1804–06 సంవత్సరములలో పసిఫిక్ సముద్రతీరమునకు దారి వెదకుచు పోయిన లూయీస్, క్లార్కుల బృందమునకు ఆమె పసిబిడ్డను వీపున మోయుచు భాషాసహాయము చేసెను. గ్లెన్నా గుడేకర్ అను శిల్పిని ఆమె రూపమును మలచెను. నాణెము నడుమ శుద్ధమైన రాగి, దానికి ఇరువైపుల మాంగనీసు కలిసిన ఇత్తడి పొర, బరువు 8.1 గ్రాములు. తొలి సంవత్సరమున 128 కోట్లకు పైగా ముద్రింపబడినవి. కాబట్టి చేతులు మారిన సామాన్యమైన 2000వ సంవత్సరపు నాణెమునకు వెల ఒక్క డాలరే. ఇదే రూపమున బంగారు నాణెములు లేకపోలేదు. 1999లో పరీక్షార్థము 22 క్యారట్ల బంగారముతో 39 ముద్రించిరి. వాటిలో 12 ఆ సంవత్సరము జూలైలో కొలంబియా వ్యోమనౌకలో అంతరిక్షయాత్ర చేసివచ్చి చిరకాలము ప్రభుత్వ భద్రతలో నుండెను. తక్కిన 27 కరగింపబడినవి. కాబట్టి సామాన్యముగా వాడుకలో ఒకరి చేతినుండి మరొకరి చేతికి వచ్చు నాణెము బంగారముది కాదు.

2005 నాటి చట్టము ననుసరించి 2007 నుండి ఏటేట నలుగురు అధ్యక్షుల బొమ్మలతో డాలర్లు వెలువడెను. సంవత్సరపు అంకెను, టంకశాల గుర్తును నాణెము అంచున చెక్కుట వీటి విశేషము. 2009 నుండి సకాగవియ డాలరు కూడ అట్లే అయ్యెను. అయినను జనులు నోటును విడువలేదు. కెనడా దేశము 1987లో డాలరు నాణెమును తెచ్చి, కొలది కాలములోనే నోటును నిలిపివేసినందున అచ్చట నాణెము నిలిచెను. అమెరికాలో నోటును తొలగింపనందున నాణెము ఓడిపోయెను. టంకశాలవారు తపాలా ఖర్చు లేకుండ డాలర్లను ఇంటికి పంపుచుండగా, కొందరు క్రెడిట్ కార్డుతో వాటిని కొని, విమానప్రయాణపు రాయితీలను సంపాదించి, నాణెములను కట్టలు విప్పకయే బ్యాంకులో జమ కట్టిరి. 2011లో కార్డుతో అమ్మకము ఆపివేసిరి. ఆ డిసెంబరు నాటికి 140 కోట్ల డాలరు నాణెములు నిరుపయోగముగా పేరుకొనియుండగా, వాడుకకై ముద్రించుటనే నిలిపివేసిరి. 2012 నుండి డాలరు నాణెములు ప్రధానముగా సేకర్తల కొరకే వెలువడుచున్నవి. 2018లో ఆరంభమైన "అమెరికన్ ఇన్నొవేషన్" నాణెముల వరుసయు అట్టిదే.

అట్లయిన ఈ కోట్ల నాణెములలో వెలగలవి ఏవి? కొన్ని ఉదాహరణలు చాలును. 2000వ సంవత్సరమున చీరియోస్ అను ఉపాహారపు పెట్టెలలో ప్రకటనకై 5,500 సకాగవియ డాలర్లు ఉంచిరి. కొన్ని ఏండ్ల తరువాత పరిశీలించి చూడగా, వాటిలో కొన్నిటిమీది గ్రద్ద తోకయందు ఈకల గీతలు తక్కినవాటికంటె స్పష్టముగా నున్నట్లు తేలెను. అట్టి నాణెము నేడు వేల డాలర్లు పలుకును. పిల్లలు తిని పారవైచిన పెట్టెలతో పాటు ఎన్ని డాలర్లు వాడుకలో కలిసిపోయినవో! అదే సంవత్సరమున ఒకవైపు పావు డాలరు అచ్చును, రెండవవైపు సకాగవియ డాలరు అచ్చును పొరపాటున పడిన నాణెములు కొన్ని వెలువడెను. వాటిలో తెలియవచ్చినవి సుమారు ఇరువది మాత్రమే. ఒక్కొక్కటి లక్ష డాలర్లకు మించిన ధర పలికిన సందర్భములు కలవు. 1979 నాటి ఆంథొనీ డాలర్లలో సంవత్సరపు అంకెలు అంచునకు చేరువగా నున్న రకమునకు తక్కినవాటికంటె ఎక్కువ వెల కలదు. 2007లో వాషింగ్టన్ డాలర్లు అంచున అక్షరములు పడకుండ బయటికి రాగా, మొదట వాటికి వందల డాలర్ల ధర పలికెను. అట్టివి వేలకొలది యున్నవని తెలిసిన వెంటనే వెల పడిపోయెను. 1903 నాణెపు కథయే మరొకమారు నడచినది.

వెలకు రెండవ ఆధారము స్థితి. 1949లో విలియం షెల్డన్ అను విద్వాంసుడు పాత రాగి సెంట్ల కొరకు 1 నుండి 70 వరకు ఒక కొలమానమును ఏర్పరచెను. తరువాత అది అన్ని అమెరికా నాణెములకును వర్తించెను. రూపురేఖలు అరగిపోయినది అడుగు మెట్టునను, భూతద్దముతో చూచినను లోపము కానరానిది 70వ మెట్టునను నిలుచును. ఒకే సంవత్సరపు రెండు నాణెములలో ఒకటి ఒక డాలరునకును, మరొకటి అనేక డాలర్లకును పోవుటకు ఇదియే కారణము. 1986 నుండి ఈ పరీక్షను వృత్తిగా నడపు సంస్థలు నాణెమును పరిశీలించి, మెట్టు నిర్ణయించి, పారదర్శకమైన పెట్టెలో మూసి ఇచ్చుచున్నవి. నాణెమును అంచుతో పట్టుకొనవలెను, పొడిచోట నుంచవలెను, ఎన్నడును తోమరాదు. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండుతోను, బూడిదతోను రుద్ది మెరుగు పెట్టినచో నాణెముయొక్క తొలి పొరయు, దానితో పాటు మూడవ వెలయు పోవును.

ఈ విషయములు తెలియనివారికి నష్టము దూరదేశమున మాత్రమే కాదు, ఇంటి వాకిటనే పొంచియున్నది. పాత నాణెమునకు లక్షలిచ్చెదమని ఆశపెట్టి, ముందుగా రుసుము, పన్ను కట్టుమని సొమ్ము లాగు మోసగాండ్రు ఈ కాలమున బయలుదేరిరి. భారతీయ రిజర్వు బ్యాంకు తన పేరును వాడుకొని ఇట్టి మోసములు జరుగుచున్నవనియు, తాను అట్టి వ్యవహారములలో పాలుగొనదనియు, ఏ రుసుమును కోరదనియు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించెను. నిజముగా వెలగల నాణెమును కొనువాడు అమ్ముకొనువానినుండి ముందుగా సొమ్ము అడుగడు. సంవత్సరము, టంకశాల గుర్తు, స్థితి, ఇటీవల వేలములలో అట్టి నాణెము నిజముగా పలికిన ధర – ఈ నాలుగింటిని సరిచూచుకొన్న గృహస్థుని మోసగించుట కష్టము.

అమెరికాలో 1946 చివర వెలువడి నాటినుండి దాదాపు ప్రతిసంవత్సరము సవరింపబడుచున్న నాణెముల ధరల గ్రంథమును అచ్చటివారు దాని అట్టరంగునుబట్టి "ఎర్ర పుస్తకము" అందురు. వేల డాలర్లు వెచ్చించు సేకర్త నాణెముకంటె ముందు ఆ పుస్తకమును కొనవలెనని వారిలో ఒక మాట కలదు. అయినను 1,500 డాలర్ల వెలను అచ్చువేసిన ధరల పట్టికలు కూడ ఒక నేలమాళిగ తెరచిన తరువాత దిద్దుకొనవలసి వచ్చెను. గ్రంథమును చదువవలెను, క్రొత్త సంగతి తెలిసినపుడు దానిని సవరించుకొనవలెను. గ్రంథాలయములో ప్రతి సంవత్సరము క్రొత్త పుస్తకములు చేర్చుటలోని పరమార్థము ఇదియే.

రజతోత్సవమనగా వెండి పండుగ. ఒకనాడు డాలరై, కరగి రూపాయియై, మరల కరగి బిడ్డ మొలత్రాడైన వెండికి తన పూర్వకథను చెప్పుకొను నోరు లేదు. ఆ కథ గ్రంథములలో మాత్రమే మిగిలినది. ఇంటిలో దాగియున్న పాత నాణెము నొకదానిని తీసి, తోమక, గ్రంథాలయపు బల్లమీద నుంచి, దానిపైనున్న అంకెను పుస్తకములో వెదకు బాలునకు, ఆ నాణెముయొక్క వెల ఒక్క రూపాయియే అయినను, దానివలన కలుగు లాభము తక్కువ కాదు.